ఎర్ర రంగు పంపులు

బంగ్లాదేశ్ పల్లెల్లో చాలా చేతి పంపుల మూతికి రంగు పూశారు. పచ్చ రంగైతే ఆ నీళ్లు తాగవచ్చు. ఎర్ర రంగైతే బట్టలు ఉతకడానికి, గిన్నెలు తోమడానికి మాత్రమే వాడాలి. రెండు పంపుల నీళ్లూ గ్లాసుల్లో పట్టి పక్కపక్కన పెడితే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. ఎర్ర పంపు నీటిలో ఉన్న విషపదార్థమైన ఆర్సెనిక్‌కు రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు.

ఒకప్పుడు అక్కడి పల్లెవాసులు ఎక్కువగా చెరువులు, కాలువల నీళ్లే తాగేవారు. కలరా, విరేచనాలు పసిపిల్లల ప్రాణాలు తీసేవి. అందుకే 1970లలో ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి గొట్టపు బావులను, అంటే భూమిలోకి గొట్టం దింపి పైన చేతి పంపు బిగించే బావులను, ప్రోత్సహించాయి. తర్వాత జనమే సొంత డబ్బుతో లక్షలకొద్దీ వేయించుకున్నారు. మట్టి పొరల్లో వడపోతకు గురైన నీటిలో రోగక్రిములు తక్కువ కాబట్టి ఆ ఆలోచన మంచిదే. కానీ ఆ రోజుల్లో బావి నీటిలో ఆర్సెనిక్ ఉందేమోనని పరీక్షించే అలవాటు లేదు. సంగతి 1993లో గానీ బయటపడలేదు.

ఈ విషం భూమిలోనిదే. హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రులో ఇనుప ఆక్సైడ్ రేణువులను అంటుకుని ఆర్సెనిక్ ఉంటుంది. ప్రాణవాయువు అందని లోతుల్లో, కుళ్లిన ఆకులలములతో బతికే బ్యాక్టీరియా ఆ ఇనుమును కరిగిస్తుంది. దానితోపాటే ఆర్సెనిక్ నీటిలో కలుస్తుంది. పొరలు చోటుకో తీరుగా ఉంటాయి కనుక ఒక ఇంటి బావిలో విషం ఉండి, పక్కింటి బావి శుభ్రంగా ఉండవచ్చు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. ప్రతి బావినీ విడిగా పరీక్షించక తప్పదు.

పరీక్ష ఊళ్లోనే చేయవచ్చు. సీసాలో నీళ్లు పోసి ఆమ్లపు పొడి, జింకు పొడి వేస్తే బుడగలు లేస్తాయి. నీటిలోని ఆర్సెనిక్ వాయువుగా మారి పైకి వచ్చి, మూత దగ్గర అమర్చిన కాగితపు ముక్కను తాకుతుంది. తెల్లని కాగితం పసుపుకో, గోధుమ రంగుకో తిరుగుతుంది. రంగు ఎంత ముదిరితే విషం అంత ఎక్కువ. 2000ల తొలి ఏళ్లలో సుమారు 50 లక్షల బావులను ఇలా పరీక్షిస్తే, దాదాపు 14 లక్షల బావులు ఆ దేశ పరిమితి అయిన లీటరుకు 50 మైక్రోగ్రాములను దాటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే పరిమితి 10 మాత్రమే.

ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగినవారి ఒంటి మీద, దుమ్ము పట్టిన బాటపై చినుకులు పడ్డట్టు మచ్చలు తేలతాయి. అరచేతులు, అరికాళ్లు మొద్దుబారి కాయలు కాస్తాయి. చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయాలకు క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఆర్సెనిక్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. క్లోరిన్ కలిపినా ఆర్సెనిక్ పోదు. అలాగని మళ్లీ చెరువు నీళ్లకు మళ్లితే విరేచనాల బెడద తిరిగొస్తుంది.

150 మీటర్లకు మించిన లోతులో నీరు చాలాచోట్ల సురక్షితం. అంత లోతు బావి పేద కుటుంబం వేయించుకోలేదు, ప్రభుత్వమే వేయాలి. అలా వేసినవాటిలో కొన్ని పలుకుబడి ఉన్నవారి వాకిళ్లలో వెలిశాయని హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ 2016లో బయటపెట్టింది. ఆ బావులు ముందు వేయాల్సింది ఎర్ర పంపులు తప్ప మరో దిక్కు లేని వాడల్లో.