చికుండాల గురించి అపోహలు, వాస్తవాలు

ఆఫ్రికా చరిత్ర పాఠం జాంబెజీ నది లోయకు చేరగానే క్లాసులో ఈ మాటలు తప్పకుండా వినిపిస్తాయి.

అపోహ: చికుండాలు అనాదిగా ఉన్న ఒక తెగ.

వాస్తవం: కాదు. ఇప్పటి మొజాంబిక్‌లో జాంబెజీ వెంబడి పోర్చుగీసు రాజు పేరిట ఇచ్చిన 'ప్రాజో' ఎస్టేట్లు ఉండేవి. వాటి యజమానులు బానిసలతో సైన్యాలు కట్టారు. ఆ బానిస సైనికులే చికుండాలు. వాళ్లు వేర్వేరు జాతుల నుంచి వచ్చారు: చేవా, న్సెంగా, సేనా, మంగాంజా, తవారా... ఎవరి ఊరు వారిది, ఎవరి భాష వారిది. ముఖం మీద పచ్చబొట్లు, అరగదీసిన పళ్లు, తండ్రి వైపు నుంచి లెక్కించే వంశం వాళ్లను చుట్టుపక్కల రైతుల నుంచి వేరు చేశాయి. చేసే పని ఒకటే కావడంతో తరాలు గడిచేకొద్దీ ఒక జాతి అయ్యారు.

అపోహ: బానిసలు కదా, నోరెత్తలేని నిస్సహాయులు.

వాస్తవం: చేతిలో తుపాకి ఉన్న బానిసలు వీళ్లు. రైతుల దగ్గర పన్ను వసూలు చేసింది, పారిపోయినవాళ్లను పట్టితెచ్చింది, దంతాల కోసం ఏనుగులను వేటాడింది, ఇతరులను బానిసలుగా చెరపట్టింది వీళ్లే. యజమాని హద్దు మీరితే తిరగబడ్డారు, పారిపోయారు. 19వ శతాబ్దంలో బానిసల ఎగుమతి పెరిగి, యజమానులు సొంత సైనికులనే అమ్మబోయినప్పుడు తిరుగుబాట్లు ముదిరాయి. బాధపడ్డదీ, బాధపెట్టిందీ వాళ్లే. ఈ రెండింట్లో ఒకదాన్ని దాచి చెప్పే చరిత్రను నేను ఒప్పుకోను.

అపోహ: ప్రాజోలతోపాటే వీళ్లూ అంతరించారు.

వాస్తవం: వేటగాళ్లుగా, పడవలు నడిపేవాళ్లుగా, కూలీలుగా బతికారు. మొజాంబిక్ పశ్చిమ కొసనున్న జుంబో ప్రాంతంలో కన్యెంబా, మటకెన్యా లాంటి నాయకులు చికుండా బలగాలతో రాజ్యాలే కట్టారు. జింబాబ్వే ఉత్తరపు కొసన కన్యెంబా పేరుతో ఊరుంది.

అపోహ: ఈ చరిత్రకూ ఇండియాకూ సంబంధం లేదు.

వాస్తవం: 1752 వరకు మొజాంబిక్ గోవా పాలన కిందే ఉండేది. గోవా నుంచి వెళ్లిన కుటుంబాలకూ ప్రాజోలుండేవి. మొజాంబిక్‌లోని గొరొంగోజాలో చికుండా సైన్యంతో ఏలిన మనువెల్ అంటోనియో ద సౌజా గోవావాడే.

అపోహ: జాంబియాలో లువాంగ్వా లోయ కుండాలు వీళ్లే.

వాస్తవం: పేరు దగ్గరిదే, జనం వేరు.

అపోహ: వాళ్లది భాష కాదు, కలగాపులగం.

వాస్తవం: సేనా, న్యుంగ్వే భాషలకు దగ్గరిదైన, ఆఫ్రికాలోని బంటు కుటుంబానికి చెందిన భాష అది, దాని వ్యాకరణం దానికుంది. మొజాంబిక్, జాంబియా, జింబాబ్వే సరిహద్దులు కలిసే చోట ఇప్పటికీ మాట్లాడతారు. 2013 జింబాబ్వే రాజ్యాంగం 16 భాషలకు అధికార హోదా ఇచ్చింది. అందులో చికుండా లేదు. ఉండాల్సిందని గట్టిగా నమ్ముతాను.