స్టీరింగ్ ఇరుసు ఎంత వెనక్కి వాలాలి?

పర్లాకిమిడి మార్కెట్టులో బియ్యం బస్తాలు తోసే ఇనుప ట్రాలీని ఎటు మళ్లించినా, దాని చిన్న చక్రం గిర్రున తిరిగి తన మేకుకు వెనకగా చేరుకుంటుంది. రేసు కారు ముందు చక్రాలు తిప్పిన తరువాత మళ్లీ తిన్నగా రావడానికి ఆధారం కూడా ఇదే. ట్రాలీలో చక్రాన్నే మేకుకు వెనకగా బిగిస్తారు. కారులో స్టీరింగ్ ఇరుసును వెనక్కి వాలుస్తారు. పై బాల్ జాయింటును (చక్రం మళ్లడానికి ఆధారమైన గుండ్రటి కీలును), కింది బాల్ జాయింటును కలిపే గీత, కారును పక్కనుంచి చూసినప్పుడు నిట్టనిలువు నుంచి ఎన్ని డిగ్రీలు వెనక్కి వాలిందో అదే కాస్టర్ కోణం. ఆ గీతను నేల దాకా పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటుకు కాస్త ముందు తగులుతుంది. గీత చక్రం నడిమధ్యగా పోయేటట్లయితే, 280 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి 6 డిగ్రీల వద్ద ఈ ఎడం సుమారు 29 మిల్లీమీటర్లు.

ఇంటి దగ్గర కారు కట్టుకునేవారిలో చాలామంది కాస్టర్ తిన్నగా నడవడం కోసమేనని అనుకుంటారు గానీ, నా దృష్టిలో దాని అసలు విలువ మలుపులో తెలుస్తుంది. స్టీరింగ్ తిప్పగానే ముందు చక్రాలు రెండూ మలుపు లోపలి వైపుకే ఒరుగుతాయి. అందువల్ల కారు బాడీ వెలుపలికి ఒరిగినా, బరువంతా మోసే వెలుపలి టైరు నిండు వెడల్పుతో నేలను పట్టుకోగలుగుతుంది. తిన్నగా బ్రేకు వేసే వేళ మాత్రం ఆ వంపు ఉండదు, టైరు అప్పుడూ నిండుగా ఆనుతుంది. కేంబర్‌ను, అంటే ముందునుంచి చూసినప్పుడు చక్రం పక్కకు ఒరిగి ఉండే కోణాన్ని (పైభాగం కారు లోపలికి ఒరిగితే −, వెలుపలికి ఒరిగితే +), శాశ్వతంగా పెంచి ఈ రెండు లాభాలనూ ఒకేసారి పొందలేము. అయితే కాస్టర్ మరీ ఎక్కువైతే స్టీరింగ్ బరువెక్కుతుంది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది: టైరు పట్టు జారబోయే ముందు స్టీరింగ్ తేలికపడి చేతికి ఇచ్చే హెచ్చరిక ఆ బరువులో కలిసిపోతుంది.

కొలవడం కష్టమేమీ కాదు. గ్రీజు రాసిన రెండేసి రేకుల మీద చక్రాలను నిలిపి, బ్రేకు నొక్కి ఉంచి, ఒక్కో చక్రాన్ని 20 డిగ్రీలు వెలుపలికి, 20 డిగ్రీలు లోపలికి తిప్పి కేంబర్ చూడాలి. మొదటిది +1.0, రెండవది −3.1 అయితే తేడా 4.1, దానిని 1.46తో గుణిస్తే 6 డిగ్రీలు. రెండు చక్రాల కొలతలు సమానంగా లేకపోతే కారు కాస్టర్ తక్కువున్న వైపుకు లాగుతుంది. బాల్ జాయింట్ల మధ్య 240 మిల్లీమీటర్లు ఉంటే, పై జాయింటును 4 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే సుమారు ఒక డిగ్రీ పెరుగుతుంది.

మహేంద్రతనయ ఒడ్డున ఉన్న మా షెడ్డులో రెండు రోజులపాటు 6కు బదులు 5.5 వస్తూనే ఉంది. మేస్త్రీలు వాడే నీటి గొట్టం పట్టి చూస్తే, కడిగిన నీళ్లు బయటికి పోవడానికని గచ్చును గుమ్మం వైపు వాలుగా వేసినట్లు తేలింది. ముందు, వెనక చక్రాల మధ్య 2,100 మిల్లీమీటర్ల ఎడంలో 18 మిల్లీమీటర్ల పల్లం. కారు ముక్కు గుమ్మం వైపే ఉంది. ముందు టైర్ల కింద ప్లైవుడ్ ముక్కలు పెట్టగానే లెక్క సరిపోయింది. గచ్చు వాలు చూపిన ఆ అర డిగ్రీ తేడా నిజమైనది కాదు గానీ, వెనక స్ప్రింగులను 20 మిల్లీమీటర్లు లేపితే కాస్టర్ నిజంగానే అంత తగ్గుతుంది. అందుచేత ఎత్తులన్నీ ఖాయం చేసి, డ్రైవరును సీట్లో కూర్చోబెట్టిన తరువాతనే కేంబర్ కొలిచే గేజి పట్టుకోవాలి.