కవి రాసి ఊరుకుంటాడా? అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ సాహిత్యం చెబుతుంటాను. అమెరికాలో బానిసత్వం మీద వచ్చిన కవిత్వం మొదలుపెట్టినప్పుడల్లా క్లాసులో ఇవే మాటలు వినపడతాయి.

అపోహ: కవి ఇంట్లో కూర్చుని రాస్తాడు, దెబ్బలు తినేది వేరేవాళ్లు.

వాస్తవం: జాన్ గ్రీన్‌లీఫ్ విట్టియర్ కవి, రైతుబిడ్డ. 1838లో ఫిలడెల్ఫియాలో బానిసత్వాన్ని వ్యతిరేకించేవాళ్లు పెన్సిల్వేనియా హాల్ కట్టుకున్నారు. ఆయన నడిపే పత్రిక ఆఫీసు అందులోనే. మే 14న తలుపులు తెరిస్తే 17 రాత్రికల్లా అల్లరిమూక దాన్ని తగలబెట్టేసింది. అప్పుడాయన విగ్గు పెట్టుకుని, కోటు మార్చుకుని, ఆ మూకలో ఒకడిలా లోపలికి దూరి తన కాగితాలు కొన్ని దక్కించుకున్నాడు. ఇది చెప్పేటప్పుడు క్లాసులో సెల్‌ఫోన్లు వాటంతటవే జేబుల్లోకి పోతాయి. 1833లో బానిసత్వ వ్యతిరేక ప్రకటన కింద ఈయనా సంతకం చేశాడు. ఏ పుస్తకం మీద ఉన్న తన పేరుకన్నా ఆ సంతకమే విలువైనదని తర్వాత చెప్పుకున్నాడు కూడా.

అపోహ: నల్లవాళ్ల తరఫున రాసింది తెల్లవాళ్లే.

వాస్తవం: ఈ అపోహలో మా లెక్చరర్ల తప్పే ఎక్కువ. కవయిత్రి ఫ్రాన్సెస్ హార్పర్‌ను చివరి పది నిమిషాలకు నెట్టేస్తాం. ఆమె 1825లో బాల్టిమోర్‌లో, బానిసలు కాని నల్లజాతి కుటుంబంలో పుట్టింది. 1854 నుంచి ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చింది. తన కవితల పుస్తకాలు అక్కడే అమ్మి, ఆ డబ్బులో కొంత పారిపోయి వచ్చే బానిసలకు సాయం చేసేవాళ్లకు పంపేది. నన్నెక్కడైనా పూడ్చండి, బానిసలున్న నేలలో మాత్రం వద్దని 1858లో రాసింది.

అపోహ: కవితలు చదివి జనం మారారు, బానిసత్వం పోయింది.

వాస్తవం: అంత తేలిగ్గా పోలేదు. నాలుగేళ్ల అంతర్యుద్ధం నడిచింది, 1865లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ రాజ్యాంగ సవరణ వచ్చింది.

అపోహ: అమెరికా గొడవ మనకెందుకు?

వాస్తవం: కదిరి వైపు పిల్లలే ఈ మాటంటే నవ్వొస్తుంది. వేమన సమాధి ఉన్న కటారుపల్లి వాళ్లకు దగ్గరే. మనం వేమనను ఉప్పు, కప్పురం దగ్గరే ఆపేశాం. అంటరానివాణ్ణి తాకానని నీళ్లలో మునుగుతావే, రేపు కాట్లో నిన్ను కాల్చేది అతడే కదా, అప్పుడీ అంటు ఎటు పోయిందని నిలదీసిన పద్యం నేను బడిలో చదవనే లేదు.

ఒకసారి దాన్ని బోర్డు మీద రాస్తుంటే, రెండో పాదం దగ్గరే వెనక బెంచీ అబ్బాయి అందుకున్నాడు. "మా అవ్వకు నోటికొచ్చు సార్." మర్నాడు ఆమెనడిగి ఇంకో మూడు రాసుకొచ్చాడు. అందులో ఒకటి నేనూ అంతకుముందు వినలేదు.