డే కేర్‌లో పసిపిల్లల ఆహారం, అలర్జీలు: అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లోని ఒక డే కేర్‌లో వంటగది బాధ్యత చూస్తున్నాను. పిల్లలను చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులు, కొత్తగా పనిలో చేరే ఆయాలు తరచుగా చెప్పే కొన్ని నమ్మకాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను. గొంతు బిగుసుకుంటోందని నోరు విప్పి చెప్పలేని వయసు పిల్లల విషయంలో ఇవి చిన్న పొరపాట్లు కావు.

అపోహ: ఆవు పాలు పడని బిడ్డకు గేదె పాలో, మేక పాలో పట్టవచ్చు.

వాస్తవం: అలర్జీకి కారణమయ్యేది పాలలోని ప్రోటీన్లు. ఈ పాలన్నిటిలోనూ అవి ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి కనుక, ఆవు పాల అలర్జీ ఉన్న పిల్లల్లో అత్యధికులకు గేదె పాలు, మేక పాలు కూడా ప్రమాదకరమే. ఎంత మరిగించినా కేసీన్ అనే ప్రోటీన్ అంత తేలికగా చెడిపోదు. లాక్టోజ్ అనే పాల చక్కెర అరగకపోవడం పూర్తిగా వేరే సమస్య. అందుకోసం అమ్మే లాక్టోజ్ లేని పాలలోనూ ప్రోటీన్లు అలాగే ఉంటాయి కాబట్టి, అలర్జీ ఉన్న బిడ్డకు వాటిని ఇవ్వకూడదు.

అపోహ: కంటికి కనిపించకపోతే వంటలో పల్లీలు లేనట్టే.

వాస్తవం: మన వంటల్లో పల్లీలు దాగినంతగా మరేదీ దాగదేమో. గుత్తి వంకాయలో ముద్దగా, వేపుళ్లలో పొడిగా, పులిహోరలో పోపుగా ఉంటాయి. పల్లీ చట్నీలో పెట్టిన గరిటెను కొబ్బరి చట్నీలో ముంచితే రెండో గిన్నె కూడా పల్లీ అలర్జీ ఉన్న బిడ్డకు పనికిరాదు. బాగా శుద్ధి చేసిన వేరుశనగ నూనెలో ప్రోటీన్ దాదాపు ఉండదు కానీ, ఆరోగ్యానికి మంచిదని ఇప్పుడు అందరూ కొంటున్న గానుగ నూనెలో అది మిగిలే అవకాశం ఉంది. శానిటైజర్ రాసుకుంటే చేతికి అంటిన పల్లీ ప్రోటీన్ పోదు. సబ్బుతో, నీళ్లతో కడుక్కోవాలి.

అపోహ: సీలియాక్ ఉన్న బిడ్డకు చపాతీ పెట్టకపోతే చాలు.

వాస్తవం: సీలియాక్ అలర్జీ కాదు. గోధుమ వంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తిన్నప్పుడు శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగును దెబ్బతీసే వ్యాధి ఇది. బొంబాయి రవ్వ ఉప్మా, సేమ్యా, మైదా బిస్కెట్లు మానాలని చాలామందికి తెలుసు. కానీ బజారులో దొరికే ఇంగువలో చాలావరకు గోధుమ పిండి కలుస్తుందని, అందువల్ల సాంబారు కూడా చేటు చేయవచ్చని కొద్దిమందే గుర్తిస్తారు. తెలంగాణ అంగన్‌వాడీలు పసిపిల్లలకు ఇచ్చే పోషకాహార పొడి బాలామృతంలోనూ గోధుమ ఉంటుంది. జొన్న, రాగి, సజ్జల్లో గ్లూటెన్ లేకపోయినా, గోధుమలు ఆడించిన వెంటనే అదే గిర్నీలో వాటిని పట్టిస్తే పిండి కలుషితమవుతుంది కనుక మేము వాటిని ఇంట్లోనే మిక్సీలో ఆడించి తెమ్మని తల్లిదండ్రులను కోరుతాం.

అపోహ: ప్యాకెట్ మీద అలర్జీ హెచ్చరిక లేకపోతే భయం లేదు.

వాస్తవం: దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల అలర్జీ జాబితాలో పాలు, గుడ్డు, చేపలు, పల్లీలు, సోయా వంటివి ఉన్నాయి, నువ్వులు, ఆవాలు లేవు. పదార్థాల జాబితా మొత్తం చదవాలి.

అపోహ: దద్దుర్లు లేకపోతే తీవ్రమైన అలర్జీ కాదు, ఉన్నా సిరప్ పడితే తగ్గిపోతుంది.

వాస్తవం: అనాఫిలాక్సిస్ అనే ప్రాణాపాయమైన తీవ్ర అలర్జీ దద్దుర్లు లేకుండానూ రావచ్చు. తిన్న కొద్దిసేపటికే గొంతు బొంగురుపోవడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, పదేపదే వాంతులు, బిడ్డ ఒక్కసారిగా వాడిపోవడం దాని సూచనలు. తొడ వెలుపలి కండరంలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే దీనికి మొదటి చికిత్స. అలర్జీ సిరప్ దురదను తగ్గిస్తుందే తప్ప శ్వాసను కాపాడదు. ఒక మోతాదు మందు నింపి ఉంచిన, వెంటనే పొడవగలిగే అడ్రినలిన్ ఆటో ఇంజెక్టర్లు మన దగ్గర సులభంగా దొరకవు కనుక, డాక్టరు రాసిచ్చిన అత్యవసర ప్రణాళికను, ఎప్పుడూ తెరిచి ఉండే దగ్గరి ఆసుపత్రి వివరాలను చేర్చుకునే రోజే సిద్ధం చేసుకోవాలి. 108కి ఫోన్ చేసి, బిడ్డను నడిపించకుండా పడుకోబెట్టాలి; ఆయాసం ఎక్కువగా ఉంటే కూర్చోబెట్టవచ్చు. తేరుకున్నట్టు కనిపించినా కొన్ని గంటల తరువాత లక్షణాలు తిరగబెట్టవచ్చు కనుక ఆసుపత్రికి తీసుకెళ్లక తప్పదు.

అపోహ: ఒకసారి పడనిది జీవితాంతం పడదు.

వాస్తవం: పాలు, గుడ్డు అలర్జీలు చాలామంది పిల్లల్లో వయసుతో తగ్గిపోతాయి. అందుకే బిడ్డ అలర్జీ గురించి డాక్టరు రాసిచ్చే కాగితాన్ని కనీసం ఏడాదికొకసారి కొత్తగా తెమ్మంటాం. తగ్గిందో లేదో ఆసుపత్రిలో, వైద్యుల పర్యవేక్షణలోనే పరీక్షించాలి. కొంచెం కొంచెంగా అలవాటు చేయమని ఇంటి పెద్దలు చెప్పినా డే కేర్‌లో మేము ఒక్క చెంచా కూడా పెట్టం.