పొలంలో పరిచిన తీగల వెనుక కథ

గోదావరి, కృష్ణా డెల్టాల్లో అప్పుడప్పుడు కొన్ని ఊళ్లకు చమురు, గ్యాసు వెతికే సర్వే జట్లు దిగుతాయి. గట్ల వెంట తీగలు పరుస్తారు, నేల అదురును పసిగట్టే జియోఫోన్లనే పిడికెడంత పరికరాలను మట్టిలో గుచ్చుతారు, చిన్న బోరు వేసి అడుగున మందుగుండు పెట్టి పేలుస్తారు. కాళ్ల కింద నేల ఒక్కసారి అదురుతుంది, అంతే. గోడలు బీటలిచ్చాయనీ, పంటకిచ్చిన పరిహారం చాలలేదనీ గొడవలు ఆ తర్వాత మొదలవుతాయి. "ఇంతకీ గ్యాసు పడిందా?" అని అడిగే రైతుకు జట్టులో ఎవరూ సూటిగా జవాబు చెప్పరు. దాచిపెట్టి కాదు, వాళ్లకూ తెలియదు. నేలను అదిరించి, ఆ అదురును బట్టి అడుగున ఏముందో ఊహించే విద్య ఇది. ఆ తెలియకపోవడం ఇది పుట్టిననాటి నుంచీ ఉన్నదే.

1849లో ఐర్లాండులో, డబ్లిన్ దగ్గరి కిలైనీ సముద్రతీరాన రాబర్ట్ మాలెట్ అనే ఇంజినీరు ఇసుకలో తుపాకిమందు పాతి పేల్చాడు. అర మైలు అవతల గిన్నెలో పాదరసం పోసి, అందులోని ప్రతిబింబం ఎప్పుడు చెదురుతుందా అని కంటికి దుర్భిణి ఆనించుకుని చూశాడు. అదురు ఇసుకలో సెకనుకు సుమారు 250 మీటర్లు, గట్టి గ్రానైటులో సుమారు 500 మీటర్లు ప్రయాణిస్తుందని తేల్చాడు. నిజానికి గట్టి గ్రానైటులో ఆ వేగం దాదాపు 5,000 మీటర్లు. పది రెట్ల తేడా! ముందుగా చేరిన సన్నని అలను పాదరసం పసిగట్టలేదు, వెనక వచ్చిన పెద్ద కుదుపుకే కదిలింది. అయినా భూకంపం కోసం కాచుకుని కూర్చోకుండా తానే ఒకటి పుట్టించి కొలిచిన ఘనత ఆయనదే.

ఆ పైన ఈ విద్యను పెంచింది యుద్ధం. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువుల ఫిరంగులు ఎక్కడ దాగాయో పట్టడానికి జర్మనీకి చెందిన లుడ్గర్ మింట్రోప్ నేల అదురును కొలిచాడు, అటువైపు అమెరికాలో జాన్ కార్చర్ మోతను కొలిచే పనిలో ఉన్నాడు. యుద్ధం ముగిశాక ఇద్దరూ ఫిరంగులను వదిలి చమురు వెంట పడ్డారు. పొరల్లో వంగి ప్రయాణించే అలలతో మింట్రోప్ కంపెనీ 1924లో టెక్సస్‌లో ఒక ఉప్పు గుమ్మటాన్ని, అంటే చమురు చేరే వీలున్న, నేల లోపల పైకి ఉబికిన ఉప్పు దిబ్బను, కనిపెట్టింది. పొరలకు తగిలి వెనక్కి వచ్చే అలలను కార్చర్ బృందం 1921లో ఓక్లహామాలో పట్టింది. డెల్టా పొలాల్లో ఇప్పుడు వినేది ఈ రెండో రకం ప్రతిధ్వనినే.

మన దగ్గర ఈ పద్ధతిని చమురు కోసమే వాడారనుకుంటే పొరపాటు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1972-75 మధ్య సోవియట్ నిపుణుల సహకారంతో నెల్లూరు జిల్లా కావలి నుంచి కర్ణాటకలోని ఉడిపి దాకా, అంటే ఈ తీరం నుంచి ఆ తీరానికి, సుమారు 600 కిలోమీటర్ల గీత వెంట నేల లోతులను పరిశీలించింది. దేశంలో అంత లోతైన సర్వే అదే మొదటిది. భూమి పైపెంకు అడుగు 34 నుంచి 41 కిలోమీటర్ల లోతున ఉందని తేలింది. మన ఇళ్లలో పరిచే కడప బండలు పుట్టిన రాతి పొరలున్నాయే, అవి తూర్పు వైపున దాదాపు 10 కిలోమీటర్ల మందం ఉన్నాయని కూడా తేలింది. అయితే తర్వాతి తరం వాళ్లు వేరే పద్ధతులతో చూసి, పశ్చిమాన పెంకు అంతకంటే మందమని లెక్క మార్చారు.

ఎందుకు మారుతుంది? పరికరం చెప్పేది సమయమే, లోతు కాదు. పోను రాను కలిపి ప్రతిధ్వని 2 సెకన్లకు తిరిగొచ్చిందనుకుందాం. అల వేగం సెకనుకు 2,000 మీటర్లయితే ఆ పొర 2 కిలోమీటర్ల కింద ఉన్నట్టు, 2,500 అయితే రెండున్నర. ఆ వేగం ఎంత అన్నది కచ్చితంగా తెలియాలంటే బావి తవ్వాలి. తవ్వినా అక్కడ చమురు ఉండొచ్చు, ఉప్పునీరు ఉండొచ్చు. మాలెట్ లెక్క తప్పింది కూడా వేగం దగ్గరే.

మందుగుండు అక్కర్లేని దారీ ఉంది. నేలను వణికించే భారీ వాహనాలు 1950ల నుంచే ఉన్నాయి. కానీ టన్నుల బరువున్న ఆ బండి తడి వరిచేలో దిగితే దాన్ని పైకి లాగడానికి ఇంకో బండి కావాలి.

భవనాల పునాదులకైతే ఇంత హంగామా ఉండదు. నేల మీద ఇనుప పలక పెట్టి సమ్మెటతో కొడతారు, పాతికలోపు జియోఫోన్లు చాలు, పై 30 మీటర్ల మట్టి ఎంత గట్టిదో తెలిసిపోతుంది. నగరాల్లో ఈ పని రాత్రిపూట చేయడమే మేలు. పగలు సమ్మెట దెబ్బ కంటే రోడ్డు మీది లారీలే గట్టిగా వినిపిస్తాయి.