మంచు కన్నా చల్లగా మరిగేది

మే నెల మిట్టమధ్యాహ్నం గోపాల్‌పూర్‌లో సముద్రస్నానం చేసి ఒడ్డుకొస్తే ఒళ్లు వణుకుతుంది. కింద ఇసుక కాలుతూనే ఉంటుంది, అయినా వణుకే. ఒంటి మీది తడి ఆవిరి కావడానికి వేడి కావాలి, దాన్ని మన చర్మం నుంచే లాక్కుంటుంది. బరంపురంలో మా వసారాలోని మట్టికుండ, పడగ్గదిలోని ఏసీ, బోట్లకు దిమ్మలు అమ్మే ఐసు ఫ్యాక్టరీ చేసే పనీ ఇదే. ఆవిరయ్యే సరుకు ఏమిటన్న దగ్గరే తేడా.

చిన్నప్పుడు మావయ్య వెంట ఐసు ఫ్యాక్టరీకి వెళ్లేవాణ్ణి. గుమ్మంలోనే ముక్కు అదిరే ఘాటు. లోపల చెక్క మూతల కింద పెద్ద ఉప్పునీళ్ల తొట్టి, అందులో వరసగా ఇనప డబ్బాలు, డబ్బాల్లో మంచినీళ్లు. ఉప్పు బాగా కలిపిన నీళ్లు మైనస్ 10 డిగ్రీల దగ్గర కూడా గడ్డకట్టవు. డబ్బాలోని మంచినీళ్లు కట్టేస్తాయి. ఆ ఉప్పునీళ్లను చల్లబరిచేది పక్కన గొట్టాల్లో తిరిగే అమోనియా.

"ఇంత కంపు కొట్టేదాన్ని ఎందుకు వాడతారు మావయ్యా?" అంటే, "దీనికున్న బలం వేరేదానికి లేదట్రా" అనేవాడు.

ఆ బలం అంకెల్లో తేలికగా కనిపిస్తుంది. మామూలు గాలి పీడనం దగ్గర అమోనియా మైనస్ 33 డిగ్రీలకే మరుగుతుంది. అలా మరిగేటప్పుడు కిలోకు సుమారు 1,370 కిలోజౌళ్ల వేడిని మింగుతుంది. దీన్నే గుప్తోష్ణం అంటారు. మొన్నమొన్నటిదాకా ఇంటి ఫ్రిజ్‌లలో వాడిన ఆర్-134ఏ అనే వాయువు మింగేది కిలోకు 217 మాత్రమే. 30 డిగ్రీల నీళ్లు కిలో ఐసు కావాలంటే సుమారు 460 కిలోజౌళ్లు బయటికి పోవాలి. గొట్టాల్లో నష్టమేమీ లేదనుకుని కాగితం మీద లెక్క వేస్తే, కిలో అమోనియా ఒక్క చుట్టు తిరిగేసరికి దాదాపు మూడు కిలోల ఐసు తయారవుతుంది. అదే ఆర్-134ఏతో అరకిలో కూడా రాదు. మావయ్యకు లెక్క తెలీదు గానీ మాట నిజమే.

మరిగితే సరిపోదు, ఆ ఆవిరి మళ్లీ ద్రవం కావాలి. లేకపోతే రోజూ కొత్త అమోనియా కొనాలి. కంప్రెసర్ ఉన్నది ఇందుకే. ఆవిరిని గాలి పీడనానికి సుమారు 15 రెట్లు నొక్కితే, అమోనియా 40 డిగ్రీల దగ్గర కూడా ద్రవంగా మారిపోతుంది. అంటే మన ఎండాకాలపు నీళ్లకూ గాలికీ కూడా తన వేడిని వదిలేయగలదు. అన్ని వాయువులకూ ఇది చేతకాదు. కార్బన్ డయాక్సైడ్‌ను 31 డిగ్రీలు దాటాక ఎంత నొక్కినా ద్రవం కాదు. దానికి సందిగ్ధ ఉష్ణోగ్రత అంతే. చలిదేశాల్లో సుఖంగా పనిచేసే ఆ వాయువు, ఏప్రిల్ బరంపురంలో మరింత ఎక్కువ పీడనంతో, వేరే పద్ధతిలో నడవాల్సిందే.

ఇంత మంచి అమోనియా మన ఇంటి ఏసీలో ఎందుకు లేదంటే, అది విషం. పైగా తడి తగిలితే రాగిని తినేస్తుంది, ఏసీ గొట్టాలేమో చాలావరకు రాగివి. అందుకే ఇళ్లకు ఆర్-22 అనే వాయువు వచ్చింది. అది ఓజోన్ పొరకు చేటని తేలి, 1987 మాంట్రియల్ ఒప్పందానికి తర్వాత చేసిన సవరణలతో తగ్గుముఖం పట్టింది. ఇప్పుడు కొత్త ఏసీల్లో ఎక్కువగా కనిపించే ఆర్-32 ఓజోన్ జోలికి పోదు. కానీ వందేళ్ల లెక్కన భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు 675 రెట్లు. కొత్త ఫ్రిజ్‌లలో ఐసోబ్యూటేన్ ఉంటోంది. అది వంటగ్యాసు కుటుంబానిదే, అంటుకుంటుంది, కానీ ఒక్కో ఫ్రిజ్‌లో పట్టేది కొన్ని పదుల గ్రాములే. నా మటుకు నాకు ఇదే తెలివైన బేరంగా తోస్తుంది.

ఇంకో మాట. ఏటా వేసవిలో మా ఏసీ చూడ్డానికొచ్చే మెకానిక్ "గ్యాస్ అయిపోయింది, ఎక్కించాలి" అంటాడు. నాలుగేళ్లు నోరు మూసుకుని డబ్బులిచ్చాను. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో ఏళ్ల తరబడి తిరిగేది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ముందు ఆ చిల్లి పూడ్చమని అడగాలని ఐదో ఏడు తెలిసింది.

ఏసీ కొన్న రోజు అత్త ఒకటే టెన్షన్: "ఒకటిన్నర టన్నా! గోడ ఆగుతుందా?" టన్ను దాని బరువు కాదత్తా, పాతకాలపు ఐసు లెక్క అని చెప్పాను. 907 కిలోల ఐసు 24 గంటల్లో కరిగితే ఎంత వేడి పీలుస్తుందో అది ఒక టన్ను, అంటే 3.5 కిలోవాట్లు. ఒకటిన్నర టన్ను ఏసీ రోజంతా పూర్తి బలంతో నడిస్తే 1,360 కిలోల ఐసు కరిగినంత పని. మావయ్య తెచ్చే దిమ్మ 50 కిలోలనుకుంటే 27 దిమ్మలు.

అత్త కాసేపు ఆలోచించింది. "ఆ నీళ్లన్నీ ఎవరెత్తి పోస్తారురా?"