ఇమ్యునాలజీ చదువు: నేను తరచూ వినే అపోహలు

అపోహ: ఇమ్యూనిటీ పెంచడం నేర్పే చదువు.

ఇమ్యునాలజీ అంటే మన ఒంటి రోగనిరోధక వ్యవస్థ ఎలా పనిచేస్తుందో చదవడం. ఇమ్యూనిటీ ఎంత పెరిగితే అంత మంచిదన్న మాటే తప్పు. టైప్ 1 డయాబెటిస్, లూపస్ లాంటి జబ్బుల్లో మన రక్షణ కణాలే మన ఒంటి మీద దాడి చేస్తాయి. కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా ఇమ్యూనిటీని తగ్గించే మందులు ఇస్తారు. మన ఒంటి మీదే జరిగే దాడిని అదుపులో ఉంచే రెగ్యులేటరీ టి కణాలపై చేసిన పరిశోధనకే సకగుచి, బ్రన్‌కోవ్, రామ్స్‌డెల్‌లకు 2025లో వైద్య నోబెల్ వచ్చింది.

అపోహ: పీహెచ్‌డీ లేకపోతే ఉద్యోగం రాదు.

పిల్లల్ని, తల్లిదండ్రుల్ని ఎక్కువ టెన్షన్ పెడుతున్నది ఇదే. నేను పనిచేసేది వ్యాక్సిన్ల క్వాలిటీ కంట్రోల్‌లో. నాతో పనిచేసేవాళ్లలో చాలామంది మైక్రోబయాలజీలోనో బయోకెమిస్ట్రీలోనో ఎమ్మెస్సీ చేసినవాళ్లే. మేం ఎక్కువగా చేసే పరీక్ష ఎలైజా, అంటే శాంపిల్‌లో ఫలానా ప్రోటీన్ ఎంత ఉందో రంగును బట్టి తేల్చేది. ప్లేటులో 96 వెల్స్ (చిన్న గుంటలు) ఉంటాయి. చివర్లో రసాయన చర్యను ఆపే స్టాప్ సొల్యూషన్ వేయగానే నీలం పసుపుగా మారుతుంది, ఆ రంగు గాఢతను రీడర్ 450 నానోమీటర్ల దగ్గర కొలుస్తుంది. రంగు రప్పించడం ఎవరికైనా వస్తుంది. ప్లేటు సరిగా సీల్ చేయకపోతే అంచు వెల్స్‌లో ద్రవం ఆవిరై రీడింగులు తేడా కొడతాయి. ఒకే శాంపిల్ వేసిన రెండు వెల్స్‌కు పొంతన కుదరకపోతే, నచ్చిన అంకె ఉంచుకుని రెండోది కొట్టేయకూడదు. కారణం వెతకాలి, రికార్డులో రాయాలి. ఆ వ్యాక్సిన్ వెళ్లేది పసిపిల్లల తొడలోకి. ఈ నిజాయితీ ఉన్న మనిషి దొరకడమే కష్టం, డిగ్రీ ఏదైనా పని నేర్పుకోవచ్చు.

హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్, బయోలాజికల్ ఇ, ఇండియన్ ఇమ్యునలాజికల్స్ లాంటి వ్యాక్సిన్ కంపెనీలు ఉన్నాయి. అవయవ మార్పిడికి ముందు దాత కణాలకు రోగి సీరం ఎదురు తిరుగుతుందేమో చూసే హెచ్‌ఎల్‌ఏ ల్యాబులు, టెస్ట్ కిట్ల కంపెనీలు కూడా ఉన్నాయి. మొదటి జీతాలు మాత్రం తక్కువే, ముందే తెలిసి రావాలి. సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీ తప్పదు. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం.

అపోహ: ఇమ్యునాలజీ పేరుతోనే డిగ్రీ ఉండాలి.

అక్కర్లేదు. జువాలజీ, బయోటెక్నాలజీ, ఫార్మసీ, వెటర్నరీ, ఎటునుంచైనా రావచ్చు.

అపోహ: బైపీసీ కదా, లెక్కలతో పనేముంది?

ఒక మిల్లీలీటరులో 1:100 డైల్యూషన్ చేయడానికి శాంపిల్ ఎంత తీసుకోవాలి? ఇంటర్వ్యూలో ఇది అడిగితే మంచి మార్కులున్నవాళ్లూ తడబడతారు. పది మైక్రోలీటర్లు. ఎమ్మెస్సీలో ఉండగానే స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకోండి, ప్రాజెక్టుకు ఫ్లో సైటోమీటర్ (కణాలను ఒక్కొక్కటిగా లెక్కించి రకాలు తేల్చే యంత్రం) ఉన్న ల్యాబ్ దొరుకుతుందేమో చూడండి.